గుడ్డులోని పిల్లకి చెయ్యి అందించాలా? రెండు వేల ఏళ్ళ నాటి ప్రశ్న

ఇవాళ్టి ఎపిసోడ్‌లో మాట్లాడుకునేది చాలా చిన్న విషయం. ఒక గుడ్డంత విషయం. ఇంక్యుబేటర్‌లో గుడ్లు పెట్టినవాళ్ళందరికీ 21వ రోజు ఒక ఇబ్బంది ఎదురవుతుంది. పెంకు మీద చిన్న చిల్లు పడింది, లోపల పిల్ల అరుస్తోంది, ముక్కు కొస కనిపిస్తోంది. నాలుగు గంటలు గడిచాయి, ఎనిమిది గంటలు గడిచాయి, చిల్లు అంతే ఉంది. పెంకు ఒలిచి పిల్లని బయటికి తియ్యాలా, వదిలెయ్యాలా? తీస్తే చచ్చిపోతుందేమో, తియ్యకపోతే చచ్చిపోతుందేమో.

ఇది ఈ మధ్య పుట్టిన ప్రశ్న అనుకుంటాం. కాదు. దీనికి దాదాపు రెండు వేల ఏళ్ళ చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలిస్తే చెయ్యి ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు వెనక్కి తీసుకోవాలి అన్నది కూడా తేలిగ్గా అర్థమవుతుంది. అందుకని ముందు చరిత్ర చెప్తాను, పద్ధతి తర్వాత.

క్రీస్తు శకం ఒకటో శతాబ్దంలో కొలుమెల్లా అనే రోమన్ రచయిత ఉండేవాడు. ఇప్పటి స్పెయిన్‌లోని కాడిజ్ ఆయన సొంతూరు. వ్యవసాయం మీద 12 భాగాల పుస్తకం రాశాడు. అందులో ఎనిమిదో భాగం కోళ్ళు, బాతులు, చేపల పెంపకం గురించి. పొదుగు కోడి దగ్గర ఏం చెయ్యాలో చెబుతూ ఆయన మన ప్రశ్న దగ్గరికే వస్తాడు. 19వ రోజు నుంచి జాగ్రత్తగా చూడమంటాడు, పిల్లలు ముక్కుతో పెంకు పొడిచాయా అని. కిచకిచలు వినిపిస్తున్నాయా అని చెవి పెట్టి వినమంటాడు. పెంకు మందంగా ఉండి కొన్ని పిల్లలు బయటికి రాలేవు కాబట్టి, ఇరుక్కుపోయినవాటిని చేత్తో తీసి తల్లి కింద వెచ్చదనానికి పెట్టమంటాడు. ఈ పని మూడు రోజులకి మించి చెయ్యొద్దంటాడు. 21 రోజులు దాటాక కూడా సడి లేని గుడ్లలో ప్రాణం ఉండదు, వాటిని తీసెయ్యాలి, లేకపోతే కోడి ఉత్త ఆశతో కూర్చుని ఉంటుంది అంటాడు.

చూశారా? చూడు, విను, ఇరుక్కున్నదాన్నే తియ్యి, తీసింది వెచ్చగా ఉంచు, ఎక్కడ ఆపాలో ముందే అనుకో. నాకు తెలిసినంతలో గుడ్డులోంచి పిల్లకి సాయం చెయ్యడం గురించి ఇంత స్పష్టంగా చెప్పిన అతి పాత రాతల్లో ఇదొకటి. ఇదే కొలుమెల్లా, ఉరుములకి గుడ్లు చెడిపోకుండా పొదుగు గడ్డి కింద వెల్లుల్లి, ఇనుప మేకులు పెట్టే అలవాటు గురించి కూడా రాశాడు. మన పల్లెల్లో పొదుగు గంపలో ఇనుప ముక్కో బొగ్గు ముక్కో వేసే పెద్దవాళ్ళు గుర్తొచ్చారా? ఉరుము సంగతి పక్కన పెడితే, చెవి పెట్టి వినమన్న మాట మాత్రం ఇవాళ్టికీ నూటికి నూరు పాళ్ళు పనికొచ్చే మాట.

ఆయన కంటే సుమారు నాలుగు వందల ఏళ్ళ ముందే గ్రీసులో అరిస్టాటిల్ కోడిగుడ్లు పగలగొట్టి లోపల ఏం జరుగుతోందో రాసిపెట్టాడు. ఇరవయ్యో రోజు దగ్గర గుడ్డు తెరిస్తే పిల్ల కదులుతుంది, అరుస్తుంది అన్నాడు. తల కుడి కాలి మీదుగా పక్కకి వచ్చి ఉంటుందని, రెక్క తల మీద ఉంటుందని అన్నాడు. ఇవాళ్టి హ్యాచరీ పుస్తకాల్లో సరైన భంగిమ అని చెప్పేది కూడా అదే, తల కుడి రెక్క కింద ఉండాలి. పిల్ల పుట్టి పది రోజులైనా పొట్టలో కొంచెం పచ్చసొన మిగిలి ఉంటుందని కూడా ఆయన గమనించాడు. ఈ పచ్చసొన మాట గుర్తు పెట్టుకోండి. ఇవాళ్టి కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఇక్కడిదాకా అంతా తల్లికోడి కింద జరిగిన వ్యవహారం. కోడి లేకుండా పొదిగించడం అనగానే ఈజిప్టు పేరు చెప్పాలి. అక్కడ గుడ్లని పేడ వేడిలో పొదిగిస్తారని అరిస్టాటిలే రాశాడు. తర్వాతి కాలంలో అది పెద్ద పరిశ్రమ అయింది. మట్టి ఇటుకలతో కట్టిన కట్టడం, మధ్యలో సన్నటి నడవ, రెండు వైపులా రెండు అంతస్తుల చిన్న చిన్న గదులు. కింది గదిలో వేల గుడ్లు, పై గదిలో పిడకలు, గడ్డి కాల్చే నిప్పు. థర్మామీటర్ లేదు. గుడ్డు తీసి కనురెప్పకి ఆనించుకుని వేడి చూసేవాళ్ళు. ఈ పని తండ్రి నుంచి కొడుక్కి వచ్చే విద్య. నైలు డెల్టాలో బెర్మె అనే ఊరివాళ్ళు ఇందులో ప్రసిద్ధులని, 18వ శతాబ్దంలో అక్కడ తిరిగిన సికార్ అనే ఫ్రెంచి పాదిరీ రాశాడు. ఈ పొయ్యిగదులు ఈజిప్టులో మన కాలం దాకా కూడా నడుస్తూనే ఉన్నాయి.

అక్కడి ఒప్పందం ఎలా ఉండేదో వినండి. 45,000 గుడ్లు అప్పగిస్తే 30,000 పిల్లల్ని తిరిగి ఇవ్వాలి. అంటే మూడు గుడ్లకి రెండు పిల్లలు. మూడో గుడ్డు పోతుందని ముందే లెక్కలో రాసుకున్నారు. అన్ని వేల గుడ్ల మధ్య ఒక్కో గుడ్డుకి చెవి పెట్టి వినే తీరిక ఎవరికి ఉంటుంది? కొలుమెల్లా చెప్పిన చేతి సాయం గంప కింద పది పదిహేను గుడ్లున్న ఇంటికి. ఈజిప్టు లెక్క వేరే. ఈ తేడా మళ్ళీ మన దాకా వస్తుంది.

యూరప్‌లో ఈ విద్య పట్టుకోవాలని చాలామంది ప్రయత్నించారు. 1620 ప్రాంతంలో కోర్నేలిస్ డ్రెబెల్ అనే డచ్చి ఇంజనీరు పొయ్యి వేడి తనంతట తానే సర్దుకునే ఏర్పాటు చేశాడు. వేడి పెరిగితే లోపలి ఆల్కహాల్ ఉబ్బి, పాదరసాన్ని నెట్టి, గాలి దారిని మూస్తుంది. చల్లబడితే తెరుస్తుంది. ఇప్పుడు మనం థర్మోకోల్ పెట్టెకి బిగించే థర్మోస్టాట్‌కి అది ముత్తాత అన్నమాట. గుడ్లు పొదిగించడం కూడా దాని పనుల్లో ఒకటి.

అసలు మలుపు 1749లో వచ్చింది. ఫ్రెంచి శాస్త్రవేత్త రెయొముర్, థర్మామీటర్ కొలత ఒకటి ఆయన పేరు మీదే ఉంది, పక్షి గుడ్లు పొదిగించే కళ మీద రెండు సంపుటాల పుస్తకం అచ్చు వేశాడు. ఈజిప్టు పొయ్యిల గురించి సేకరించినదంతా అందులో పెట్టాడు. తను మాత్రం పశువుల ఎరువు కుప్పలో పీపాలు పాతి, ఆ వేడితో పొదిగించడం మీద ప్రయోగాలు చేశాడు. థర్మామీటర్ కొనలేని పల్లెవాళ్ళ కోసం ఒక చిట్కా చెప్పాడు. వెన్న, కొవ్వు కలిపి చిన్న సీసాలో పోసి గుడ్ల దగ్గర పెట్టమన్నాడు. అది ఎంత కరిగిందో చూస్తే వేడి ఎంతుందో తెలుస్తుంది.

కానీ నాకు ఆయనలో నచ్చేది వేడి లెక్క కాదు, చివరి రోజు దగ్గర ఆయన చూపిన ఓపిక. పిల్ల పెంకు ఎలా కొడుతుందో గంటల తరబడి కూర్చుని చూశాడు. కొన్ని పిల్లలు కొన్ని గంటల్లో పని ముగిస్తాయి, కొన్నిటికి రోజు, రెండు రోజులు పడుతుంది అని రాశాడు. కొన్నిటికి లోపలి ద్రవం ఆరిపోయి బొచ్చు పెంకుకి జిగురులా అతుక్కుపోతుందని, అవి ఎంత తన్నుకున్నా తిరగలేవని గమనించాడు. తొందరపడి బయటికొచ్చిన పిల్లలు పచ్చసొనని పూర్తిగా పొట్టలోకి తీసుకోకుండానే వచ్చేస్తాయని కూడా చూశాడు. ఆలస్యం వేరు, అతుక్కుపోవడం వేరు. సాయం చెయ్యడం అనే విషయానికి పునాది ఈ ఒక్క తేడా.

తర్వాత కథ అమెరికాకి వెళ్తుంది. 1879లో కాలిఫోర్నియాలోని పెటలూమా ఊళ్ళో లైమన్ బైస్, ఐజాక్ డయాస్ అనేవాళ్ళు అమ్ముకోదగ్గ ఇంక్యుబేటర్ చేశారు. ఆ ఊరు కొన్ని దశాబ్దాల్లోనే ప్రపంచపు గుడ్ల బుట్ట అని పేరు తెచ్చుకుంది. 1918లో అమెరికా పోస్టాఫీసు ఒక్కరోజు వయసు పిల్లల్ని పార్సిల్‌లో తీసుకోవడం మొదలెట్టింది. మేత లేకుండా, నీళ్ళు లేకుండా పిల్లలు రైల్లో ఎలా బతికాయి? పచ్చసొన వల్ల. గుడ్డులోంచి వచ్చే ముందు పిల్ల మిగిలిన పచ్చసొనని బొడ్డు దగ్గర్నుంచి పొట్టలోకి లాక్కుంటుంది. దాంతో సుమారు మూడు రోజులు గడుపుకోగలదు. ఒక దేశపు కోళ్ళ వ్యాపారమే ఆ చెంచాడు పచ్చసొన మీద నిలబడింది. తొందరపడి పెంకు ఒలిచేవాడు పిల్ల దగ్గర లాక్కునేది సరిగ్గా అదే.

1920ల్లో కరెంటు ఇంక్యుబేటర్లు వచ్చాక గుడ్ల లెక్క వేలల్లోంచి లక్షల్లోకి పోయింది. మన దగ్గర కూడా 1971లో బి.వి. రావు గారు పుణేలో వెంకటేశ్వర హ్యాచరీస్ పెట్టడం, 1982లో గుడ్ల రైతులు ఎన్‌ఈసీసీగా ఒకటవ్వడం, ఆంధ్ర, తెలంగాణ జిల్లాలు గుడ్ల ఉత్పత్తిలో దేశంలో ముందు వరసకి రావడం మీకు తెలిసిందే. పెద్ద హ్యాచరీలో చివరి రోజు ఏం జరుగుతుంది? ఒక గంట పెట్టుకుంటారు. ఆ గంటకి ట్రేలు బయటికి లాగుతారు. అప్పటికి వచ్చి ఆరిన పిల్ల పిల్ల కింద లెక్క. పెంకులో ఉన్నది వ్యర్థం కింద లెక్క. ఈజిప్టులో మూడో గుడ్డుని వదిలేసినట్టే. ఇందులో క్రూరత్వం కంటే సంఖ్య పని ఎక్కువ. అలా కొలుమెల్లా చెయ్యి చరిత్రలోంచి కొన్నాళ్ళు మాయమైంది.

మళ్ళీ ఎలా వచ్చింది? పెరటి నుంచి వచ్చింది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకానికి వనరాజా, గ్రామప్రియ లాంటి రకాలు ఇచ్చింది. ఇలాంటి మెరుగుపరచిన రకాలు మామూలుగా పొదుగుకి కూర్చోవు. నాటుకోడి కింద పెట్టాలి, లేదా పెట్టె కొనాలి. ఇంకోవైపు జాతి కోళ్ళు పెంచేవాళ్ళకి ఒక్కో గుడ్డు ఖరీదైనదే. దాంతో బల్బు, ఫ్యాను, చిన్న థర్మోస్టాట్‌తో ఇళ్ళల్లో పెట్టెలు తయారయ్యాయి. ముప్ఫై గుడ్లు, యాభై గుడ్లు. అంటే మళ్ళీ కొలుమెల్లా లెక్కలోకి వచ్చాం. గుడ్డు గుడ్డుకీ చెవి పెట్టే తీరిక మళ్ళీ వచ్చింది. దాంతోపాటు చెయ్యి ఆగకపోవడం కూడా వచ్చింది.

ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. కోడిగుడ్డులో 19, 20 రోజుల దగ్గర పిల్ల ముక్కుతో లోపలి పొర చీల్చి, వెడల్పు వైపున్న గాలి గదిలోకి ముక్కు పెడుతుంది. అప్పుడే మొదటిసారి ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది. లోపలి అరుపులు వినపడేది అప్పుడే. అప్పటిదాకా ఊపిరి పని చేసింది పెంకు లోపల పరుచుకున్న రక్తనాళాల పొర. ఆ తర్వాత ముక్కు మీదున్న చిన్న గట్టి మొన, దాన్ని ఎగ్ టూత్ అంటారు, దాంతోనూ మెడ వెనక బలిసిన కండరంతోనూ పెంకు మీద మొదటి చిల్లు కొడుతుంది. తర్వాత ఆగిపోతుంది. మనకి భయం పుట్టించేది ఈ ఆగడమే.

కానీ ఆ ఆగడంలో రెండు పెద్ద పనులు జరుగుతున్నాయండి. పొరలోని రక్తం మెల్లగా పిల్ల ఒంట్లోకి చేరుతోంది. పచ్చసొన పొట్టలోకి పోతోంది. ఈ రెండూ అయ్యాకే పిల్ల గుండ్రంగా తిరుగుతూ పెంకుని మూత కోసినట్టు కోసుకుంటూ వస్తుంది. ఆ చివరి పని ఒక గంటలోనో రెండు గంటల్లోనో అయిపోవచ్చు. అంటే నిజమైన పనిలో ఎక్కువ భాగం మనకి ఏమీ జరగనట్టు కనిపించే సమయంలోనే అవుతుంది. పైగా పక్క గుడ్ల అరుపులు కూడా పిల్లకి కబురే. 1960ల్లో కేంబ్రిడ్జిలో మార్గరెట్ విన్స్ అనే శాస్త్రవేత్త క్వెయిల్ గుడ్ల మీద ప్రయోగాలు చేసి, ఆనుకుని ఉన్న గుడ్లలోని పిల్లలు టిక్ టిక్ చప్పుళ్ళతో ఒకదాన్నొకటి తొందరపెట్టుకుంటాయని, దాదాపు ఒకేసారి బయటికొస్తాయని చూపించింది.

సరే, ఇప్పుడు సమయాల సంగతి. కోడిపిల్లకి మొదటి చిల్లు పడ్డాక 12 నుంచి 24 గంటలు మామూలు. బాతుపిల్ల నెమ్మది. మామూలు బాతు గుడ్డుకి 28 రోజులు, మస్కోవీకి 35. చిల్లు పడ్డాక 24 నుంచి 48 గంటలు పట్టినా కంగారు పడక్కర్లేదు. కోడిపిల్ల గడియారం పెట్టుకుని బాతుపిల్లని ఒలిచేస్తే చేతికి రక్తమే అంటుకుంటుంది.

మరి ఎప్పుడు చెయ్యి పెట్టాలి? రెయొముర్ తేడా గుర్తు తెచ్చుకోండి. ఆలస్యమా, అతుకా? చిల్లులోంచి కనపడే పొర తెల్లగా, తడిగా ఉండి, పిల్ల అరుస్తూ ఉంటే అది ఆలస్యం. వదిలెయ్యండి. పొర గోధుమరంగులోకి మారి, ఎండిన కాగితంలా పిల్లకి చుట్టుకుపోతే అది అతుకు. పెంకు సగం కోసుకొచ్చి గంటల తరబడి అక్కడే ఆగిపోయినా, గుడ్డు సన్నటి కొస వైపు చిల్లు పడినా, అరుపు అంతకంతకీ నీరసిస్తున్నా గమనించాల్సిందే. కోడిపిల్లకి 24 గంటలు, బాతుపిల్లకి 48 గంటలు దాటి ఈ గుర్తులు కూడా ఉంటే అప్పుడు సాయం. గంటలు ఒక్కటే చాలవు, గుర్తులు కూడా కావాలి. అయితే ఎండిన పొర కళ్ళకి స్పష్టంగా కనిపిస్తుంటే గడియారం పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు, కనీసం తడి చెయ్యండి.

చేసే పద్ధతి ఇది. చేతులు శుభ్రంగా కడుక్కోండి. గది వెచ్చగా ఉండాలి, ఫ్యాను ఆపండి. గోరువెచ్చటి నీళ్ళలో ముంచి పిండిన దూదిపుల్లతో పొరని తడపండి. ముక్కు రంధ్రాల మీద చుక్క కూడా పడకూడదు. గాలి గది వైపు నుంచే పెంకుని గోరంత ముక్కలుగా తియ్యండి. తడిపిన పొర కింద ఎర్రటి నరాలు కనపడుతున్నాయా? అక్కడితో ఆపండి. ఆ పొర ఇంకా పిల్లకి ప్రాణమే. తడి గుడ్డ చుట్టి, ముక్కు దగ్గర ఖాళీ వదిలి, మళ్ళీ పెట్టెలో పెట్టండి. నాలుగైదు గంటలు ఆగి చూడండి. రక్తం చుక్క కనపడితే శుభ్రమైన గుడ్డతో మెల్లగా అదిమి పట్టి, వెంటనే లోపల పెట్టెయ్యండి. నరాలు మాయమైతే తల, కుడి రెక్క విడిపించండి చాలు. కింది సగం పిల్ల తనే తన్నుకుని రావాలి. బొడ్డు ఉండేది అక్కడే, మిగిలిన పచ్చసొన ఉంటే అక్కడే కనపడుతుంది. దాన్ని లాగొద్దు.

బాతుగుడ్లలో ఇంకో సందర్భం ఉంది. గాలి గదిలోకి ముక్కు వచ్చింది, టార్చి వెలుగులో కనపడుతోంది, కానీ 24 గంటలు దాటినా బయట చిల్లు లేదు. అప్పుడు గాలి గది మీద, శుభ్రం చేసిన సూదితో చిన్న రంధ్రం పెడితే ఊపిరికి గాలి అందుతుంది. అంతవరకే. దాన్ని పెద్దది చెయ్యొద్దు.

ఇక్కడ కొందరు పెద్దవాళ్ళు ఒక మాట అంటారు. సొంతంగా రాలేని పిల్ల బలహీనమైంది, దాన్ని తియ్యడమే తప్పు అని. ఆ మాటలో కొంత నిజం ఉంది. తీసిన పిల్లల్లో కొన్నిటికి కాళ్ళు నిలవవు, కొన్ని రెండో రోజు పోతాయి. జాతి కోసం గుడ్లు పెట్టేవాళ్ళు అలాంటి పిల్లని గుర్తు పెట్టుకుని, దాని గుడ్లు మళ్ళీ పొదిగించకపోవడం మంచిదే. కానీ తల్లి కింద ఇరుక్కున్న పిల్ల వేరు, మన పెట్టెలో ఇరుక్కున్న పిల్ల వేరు. కోడి చివరి రోజుల్లో గూట్లోంచి దాదాపు కదలదు. మనం గంటకోసారి మూత తీసి చూస్తాం. తీసిన ప్రతిసారీ తేమ బయటికి పోతుంది, చిల్లు పడిన గుడ్డు పొర ఎండుతుంది. పిల్ల బలహీనమై కాదు, మనం ఎండబెట్టి దాన్ని కట్టేశాం. కట్టేసినవాడే విప్పాలి కదండీ. ఆ పిల్లకి సాయం చెయ్యడం దయ కాదు, బాకీ తీర్చడం.

అందుకే అసలు సాయం 18వ రోజే మొదలవుతుంది. కోడిగుడ్లని 18వ రోజు, బాతుగుడ్లని 25వ రోజు తిప్పడం ఆపెయ్యండి. వేడి 37.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచి, తేమని 65, 70 శాతానికి పెంచండి. మూత ముయ్యండి. ఆ తర్వాత అద్దంలోంచి చూడండి, చెవి పెట్టి వినండి. వచ్చిన పిల్లకి మూడు రోజుల తిండి కడుపులోనే ఉంది కాబట్టి, దాన్ని తియ్యడానికని మూత తెరవక్కర్లేదు. మిగతావి వచ్చేదాకా లోపలే ఆరనివ్వండి. అది అరుస్తుంటే పక్క గుడ్లకీ ధైర్యం.

రెండు వేల ఏళ్ళలో మనిషి కోడి చేసే పనులన్నీ యంత్రానికి నేర్పాడు. వేడి నేర్పాడు, తిప్పడం నేర్పాడు, తేమ నేర్పాడు. చివరి రోజు కోడి చేసే పని మాత్రం యంత్రానికి కాదు, మనకి రావాలి. ఆ పని కదలకుండా కూర్చోవడం. వచ్చే ఎపిసోడ్‌లో బయటికొచ్చిన పిల్లకి మొదటి వారం వెచ్చదనం ఎలా ఇవ్వాలో, దీపం పెట్టెల చరిత్రతో కలిపి చెప్పుకుందాం.